ఎలక్ట్రాను అయస్కాంతత్వం – కొలతలో చివరి అంకె

ఎమ్మెస్సీ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ ప్రయోగం చేసినవారికి ఈ వ్యాసంలోని విషయం సగం తెలిసినట్టే. డి.పి.పి.హెచ్. అనే ముదురు రంగు పొడిని చిన్న గాజు గొట్టంలో పోసి ఒక తీగచుట్టలో ఉంచుతాం. ఆ చుట్టలో రేడియో పౌనఃపున్యం గల విద్యుత్తు ప్రవహిస్తుంది. బయట ఉన్న రెండు హెల్మ్‌హోల్ట్జ్ చుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తాయి. ఆసిలోస్కోపు తెర మీద రెజొనెన్స్ కనపడగానే రీడింగులు రాసుకుని, లెక్క కట్టి, ‘జి-గుణకం’ అనే ఒక సంఖ్యని రాబడతాం. పుస్తకంలో ఉన్న విలువ 2.0036. మనకి 1.93 వస్తే మొహం చిన్నబోతుంది. 2.01 వస్తే అమ్మయ్య అనుకుంటాం.

ఇదే జి-గుణకాన్ని ఒకే ఒక్క అయానులో మిగిలి ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాను విషయంలో పది అంకెల దాకా కొలిచినవారున్నారు. రెండు అయానుల మధ్య తేడాని పదమూడో అంకె దాకా పట్టుకున్నవారూ ఉన్నారు. ఇంత సూక్ష్మంగా కొలవటం ఎలా సాధ్యమైంది? అసలు అంత శ్రమ దేనికి? ఈ రెండు ప్రశ్నలకి సమాధానం చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

జి-గుణకం అంటే ఏమిటి?

ఎలక్ట్రానుకి ద్రవ్యరాశి, విద్యుదావేశంతో పాటు ‘స్పిన్’ అనే గుణం కూడా ఉందని 1925లో లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు యువకులు ప్రతిపాదించారు. స్పిన్ అన్నమాట ఎత్తితే హైదరాబాదువారికి ఒక పేరు గుర్తుకు రావాలి. నిజాం కళాశాలలో చదువుకున్న సూరి భగవంతం గారు 1931లో సి.వి. రామన్ గారితో కలిసి, కాంతి కణమైన ఫోటానుకి స్పిన్ ఉందనటానికి ప్రయోగపూర్వకమైన రుజువు ప్రకటించారు. తర్వాతి కాలంలో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా కూడా పనిచేశారు.

ఆవేశం గల కణానికి స్పిన్ ఉంటే అది చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. కణానికున్న కోణీయ ద్రవ్యవేగాన్ని బట్టి దాని అయస్కాంత భ్రామకం ఎంత ఉంటుందో చెప్పే సంఖ్యే జి-గుణకం. గుండ్రంగా తిరిగే మామూలు ఆవేశానికి ఇది 1. ఎలక్ట్రాను స్పిన్‌కి మాత్రం 2. ఈ 2 ఎందుకు వచ్చిందో 1928లో డిరాక్ తన సమీకరణంతో వివరించాడు. అప్పటినుంచి దాదాపు ఇరవై ఏళ్ల పాటు పుస్తకాలన్నింటిలో ఉన్న విలువ 2. సరిగ్గా 2.

1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కుష్, ఫోలీ అనేవారు పరమాణు పుంజాలతో కొలిచి చూస్తే అది 2 కాదనీ, వెయ్యింట ఒక వంతుకి కొంచెం పైగా ఎక్కువ ఉందనీ తేలింది. తేడా మూడో దశాంశ స్థానంలో ఉంది! పుస్తకంలో 2 అని ఉంది కదా, ఇది పరికరం దోషమై ఉంటుందిలే అని వారు సరిపెట్టుకుని ఉంటే కథ అక్కడితో ముగిసేది. వారు సరిపెట్టుకోలేదు. మరుసటి ఏడాదే ష్వింగర్ అనే సిద్ధాంతవేత్త ఆ తేడాకి కారణం చెప్పాడు. శూన్యం నిజంగా శూన్యం కాదు. ఎలక్ట్రాను తన చుట్టూ ఫోటాన్లను క్షణకాలం విడుదల చేసి మళ్లీ తనలోకి తీసుకుంటూ ఉంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవటం వల్ల దాని అయస్కాంతత్వం కొద్దిగా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందీ అంటే, ‘సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం’ అనే ఆల్ఫాని, అంటే సుమారు 137.036లో ఒకటో వంతుని, పైతో భాగిస్తే వచ్చేటంత. ఆ లెక్కన జి విలువ 2.00232 అవుతుంది. క్వాంటం ఎలక్ట్రోడైనమిక్స్ అనే మహాసిద్ధాంతానికి దొరికిన మొదటి గట్టి రుజువుల్లో ఇది ఒకటి. కుష్‌కి 1955లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఆ తర్వాత అమెరికాలో సియాటిల్ నగరంలో డెమెల్ట్, ఆయన సహచరులు ఒంటరి ఎలక్ట్రానుని నెలల తరబడి బోనులో బంధించి, 1987 నాటికి దాని జి-గుణకాన్ని లక్ష కోట్లలో నాలుగు భాగాల నిశితత్వంతో కొలిచారు. డెమెల్ట్‌కి 1989లో నోబెల్ బహుమానం వచ్చింది. సిద్ధాంతం ఆ పరీక్షకి కూడా నిలబడింది.

స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాను చాలదా?

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వెయ్యాలి. స్వేచ్ఛా ఎలక్ట్రాను విషయంలో సిద్ధాంతం ఇంత బాగా రుజువైంది కదా, మళ్లీ అయానుల జోలికి పోవటం దేనికి?

ఒంటరి ఎలక్ట్రాను మీద పనిచేసే క్షేత్రాలు చాలా బలహీనమైనవి. గట్టు మీద నడిచిన మనిషిని చూసి అతనికి ఈత వచ్చని చెప్పలేం. అత్యంత బలమైన విద్యుత్ క్షేత్రంలో కూడా ఈ సిద్ధాంతం నిలబడుతుందా అన్నదే అసలు పరీక్ష. అటువంటి క్షేత్రం ప్రకృతిలో ఒకచోట సిద్ధంగా దొరుకుతుంది. అది బరువైన పరమాణువు కేంద్రకానికి ఆనుకుని ఉన్న చోటు. పొడి గాలిలో సెంటీమీటరుకి సుమారు 30,000 వోల్టులు పెడితే నిప్పురవ్వ దూకుతుంది. తగరం కేంద్రకం దగ్గర తిరిగే లోపలి ఎలక్ట్రాను అనుభవించే క్షేత్రం సెంటీమీటరుకి 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని వోల్టులు. ఏ యంత్రంతోనూ ఇంతటి స్థిరమైన క్షేత్రాన్ని మనం తయారుచెయ్యలేం.

అయితే మామూలు తగరం పరమాణువులో 50 ఎలక్ట్రాన్లున్నాయి. వాటి గొడవలో లోపలి ఎలక్ట్రాను గొంతు వినపడదు. కాబట్టి 49 ఎలక్ట్రాన్లను ఊడబెరికి ఒక్కదాన్నే మిగల్చాలి. ఇటువంటివాటినే అధిక ఆవేశ అయానులు అంటారు. హైడ్రోజన్ లాగే వీటిలోనూ ఒకే ఎలక్ట్రాను ఉంటుంది కాబట్టి సిద్ధాంతం లెక్క కట్టటానికి వీలుగా ఉంటుంది. కానీ హైడ్రోజన్‌లో ఎలక్ట్రానుని పట్టి ఉంచే శక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులైతే, ఇక్కడ అది దాదాపు 35,000.

పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా ఊడదీసి, మిగిలినదాన్ని పరిశీలించటం తెలుగువారికి కొత్త విద్య కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దిన ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు గారు లండనులో ఫౌలర్ వద్ద పనిచేసిన రోజుల నుంచి ఇటువంటి అయానుల వర్ణపటాల మీదనే పరిశోధన సాగించారు. కొన్ని ఎలక్ట్రాన్లు పోయిన పరమాణువు ఏయే రేఖలు వెలువరిస్తుందో చూసి, దాని లోపలి శక్తి స్థాయిలను నిర్ణయించటం ఆనాటి పని. కొన్ని ఎలక్ట్రాన్లతో మొదలైన ఆ దారే నలభై తొమ్మిది దాకా సాగింది. వర్ణపట రేఖ స్థానంలో పౌనఃపున్యాన్ని లెక్కపెట్టటం వచ్చింది.

బోనులో అయాను

ఇప్పుడు కొలిచే పద్ధతి చూద్దాం. మన రెజొనెన్స్ ప్రయోగంలో పొరపాటు ఎక్కడ వస్తుందో గుర్తు తెచ్చుకోండి. పౌనఃపున్యం బాగానే తెలుస్తుంది. అయస్కాంత క్షేత్రమే సరిగ్గా తెలియదు. చుట్టల వ్యాసార్ధం, చుట్ల సంఖ్య, అమ్మీటరు రీడింగు కలిపి దాన్ని లెక్క కడతాం. అందులో నూటికి రెండు మూడు వంతుల దోషం ఉంటే, జి-గుణకంలోనూ అంతే దోషం వస్తుంది. ప్రపంచంలో ఎంత ఖరీదైన క్షేత్రమాపకం తెచ్చినా పది అంకెల దాకా చెప్పలేదు.

జర్మనీలో మైంజ్ విశ్వవిద్యాలయం, డార్మ్‌స్టాట్‌లోని భార అయాను పరిశోధన సంస్థల శాస్త్రజ్ఞులు చేసిన ఉపాయం ఏమిటంటే, క్షేత్రాన్ని కొలిచే పని కూడా ఆ అయానుకే అప్పగించటం. అయస్కాంత క్షేత్రంలో అయాను గుండ్రంగా తిరుగుతుంది. దీన్ని సైక్లోట్రాన్ పౌనఃపున్యం అంటారు. అదే క్షేత్రంలో ఎలక్ట్రాను స్పిన్ బొంగరంలా తూలుతూ తిరుగుతుంది. దీన్ని లార్మర్ పౌనఃపున్యం అంటారు. రెండూ క్షేత్రానికి అనులోమానుపాతంలోనే ఉంటాయి. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే క్షేత్రం కొట్టుకుపోతుంది!

జి = 2 × (లార్మర్ పౌనఃపున్యం ÷ సైక్లోట్రాన్ పౌనఃపున్యం) × (అయాను ఆవేశం ÷ ఎలక్ట్రాను ఆవేశం) × (ఎలక్ట్రాను ద్రవ్యరాశి ÷ అయాను ద్రవ్యరాశి)

తూకంరాయి బరువు తప్పైనా, ఒకే రాయితో రెండు మూటలు తూచితే వాటి నిష్పత్తి తప్పదు కదా. ఇదీ అంతే. అయిదు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్-12 అయానులో ఈ రెండు పౌనఃపున్యాల నిష్పత్తి సుమారు 4376.21.

అయానుని పట్టి ఉంచే బోనుకి పెన్నింగ్ ట్రాప్ అని పేరు. బలమైన అయస్కాంత క్షేత్రం అయానుని పక్కలకి పోనివ్వదు. ఎలక్ట్రోడుల మీది వోల్టేజి దాన్ని పైకీ కిందకీ జారిపోనివ్వదు. బోను మొత్తాన్ని ద్రవ హీలియంతో 4 కెల్విన్ దాకా చల్లబరుస్తారు. ఆ చలికి మిగిలిన వాయువంతా గోడలకి గడ్డకట్టి అంటుకుపోతుంది. అటువంటి శూన్యంలో ఒకే అయాను నెలల తరబడి బతుకుతుంది. లోపల అది మూడు రకాలుగా కదులుతుంది: గుండ్రంగా వేగంగా తిరగటం, పైకీ కిందకీ ఊగటం, మధ్య అక్షం చుట్టూ నెమ్మదిగా ప్రదక్షిణం చెయ్యటం. ఈ మూడు పౌనఃపున్యాల వర్గాలను కూడితే అసలు సైక్లోట్రాన్ పౌనఃపున్యం వర్గం వస్తుందని బ్రౌన్, గాబ్రియెల్స్ 1982లో రుజువు చేశారు. బోనులో కొద్దిపాటి వంకరలున్నా ఈ సూత్రం చెడదు. అయాను కదులుతుంటే ఎలక్ట్రోడులలో అతి సూక్ష్మమైన విద్యుత్తు పుడుతుంది. దాన్ని విని పౌనఃపున్యాన్ని లెక్కపెడతారు.

మరి స్పిన్ పైకి ఉందో కిందకి ఉందో తెలిసేదెలా? ఇందుకోసం రెండో బోను ఉంటుంది. అక్కడ అయస్కాంత క్షేత్రాన్ని కావాలనే సీసా ఆకారంలో వంచుతారు. ఆ క్షేత్రంలో స్పిన్ దిశని బట్టి అయాను ఊగే వేగం రవంత మారుతుంది. కార్బన్ అయాను సెకనుకి మూడున్నర లక్షలకు పైగా ఊగుతుంది. స్పిన్ తిరగబడితే వచ్చే తేడా సెకనుకి ఒక ఊపు కూడా ఉండదు! ఆ తేడాని పట్టుకుని స్పిన్ దిశ తెలుసుకుంటారు. తర్వాత అయానుని మొదటి బోనులోకి తెచ్చి, ఒక మైక్రోవేవ్ పౌనఃపున్యాన్ని ప్రయోగిస్తూ, అదే సమయంలో సైక్లోట్రాన్ పౌనఃపున్యాన్ని కొలుస్తారు. మళ్లీ రెండో బోనుకి తీసుకెళ్లి స్పిన్ తిరగబడిందా లేదా చూస్తారు. ఒక ప్రయత్నానికి వచ్చే జవాబు అవును లేదా కాదు, అంతే. ఇలా వందలసార్లు చేసి, ఏ నిష్పత్తి దగ్గర స్పిన్ ఎక్కువసార్లు తిరగబడిందో గ్రాఫు గీస్తే రెజొనెన్స్ శిఖరం కనిపిస్తుంది.

మీరే లెక్క కట్టండి

కేంద్రకానికి బందీ అయిన ఎలక్ట్రాను జి-గుణకం 2 కంటే కొంచెం తగ్గుతుందని డిరాక్ సమీకరణం నుంచి బ్రైట్ అనే శాస్త్రజ్ఞుడు 1928లోనే లెక్క కట్టాడు. డిగ్రీ విద్యార్థి కూడా కాలిక్యులేటరుతో చెయ్యగల లెక్క అది. పరమాణు సంఖ్యని ఆల్ఫాతో గుణించి వర్గం చెయ్యండి. దాన్ని 1లోంచి తీసేసి వర్గమూలం కట్టండి. దాన్ని రెట్టింపు చేసి 1 కలపండి. మొత్తాన్ని 2తో గుణించి 3తో భాగించండి.

కార్బన్ పరమాణు సంఖ్య 6. వచ్చే జవాబు 1.998721. దీనికి ష్వింగర్ చెప్పిన పెరుగుదల 0.002323 కలిపితే 2.001044. ఇప్పుడు ప్రయోగం ఏమంటుందో చూడండి. 2000లో మైంజ్ బృందం ప్రకటించిన విలువ 2.001041596. పావుగంటలో మనం కట్టిన లెక్క అయిదు దశాంశ స్థానాల దాకా సరిపోయింది. ఆరో స్థానంలో మిగిలిన చిన్న తేడా మనం వదిలేసిన సవరణలది. రెండేసి ఫోటాన్లను ఇచ్చిపుచ్చుకోవటం, కేంద్రకానికి అంత దగ్గరలో ష్వింగర్ పెరుగుదలే కాస్త మారటం, కేంద్రకం కూడా ఎదురు కదలటం అనేవి ఆ సవరణలు. సిద్ధాంతవేత్తలు వాటిని కూడా కలిపితే ఆ తేడా కూడా పోయింది.

ఇక్కడ మరో చమత్కారం ఉంది. కార్బన్ లాంటి తేలిక అయానుల విషయంలో సిద్ధాంతం నమ్మదగినదని తేలాక, పై సూత్రాన్ని తిరగేశారు. జి-గుణకాన్ని సిద్ధాంతం నుంచి తీసుకుని, ఎలక్ట్రాను ద్రవ్యరాశిని తెలియని రాశిగా ఉంచారు. పరమాణు ద్రవ్యరాశులకి కార్బన్-12నే ప్రమాణంగా పెట్టుకున్నాం కాబట్టి అయాను ద్రవ్యరాశి ముందే తెలుసు. ఈ పద్ధతిలో స్టుర్మ్, ఆయన సహచరులు 2014లో ఎలక్ట్రాను ద్రవ్యరాశిని 0.000548579909067 పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలుగా నిర్ణయించారు. అప్పటివరకు అంగీకరించిన విలువ కంటే ఇది 13 రెట్లు నిశితమైనది.

తగరం, నియాన్

తేలిక అయానులతో నమ్మకం కుదిరాక బరువైనవాటి వంతు వచ్చింది. హైడల్‌బెర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవారి ‘ఆల్ఫాట్రాప్’ అనే బోనులో 49 ఎలక్ట్రాన్లు పోయిన తగరం-118 అయానుని బంధించి, దాని జి-గుణకాన్ని వంద కోట్లలో అర భాగం నిశితత్వంతో కొలిచారు. 2023లో ఫలితం ప్రచురించారు. కొలిచిన విలువ 1.910562. మన చిన్న లెక్కని పరమాణు సంఖ్య 50 పెట్టి కట్టండి: 1.908079, దానికి 0.002323 కలిపితే 1.910402. ఈసారి తేడా నాలుగో దశాంశ స్థానంలోనే బయటపడింది! బలమైన క్షేత్రంలో ఫోటాన్ల ఇచ్చిపుచ్చుకోవటం మారిపోతుంది, కేంద్రకం ఒక బిందువు కాదన్న సంగతి కూడా లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ చేర్చిన సిద్ధాంతపు విలువ, తన అనిశ్చితి పరిధిలో ప్రయోగంతో ఏకీభవించింది. కానీ ఆ అనిశ్చితి ప్రయోగపు దోషం కంటే వందల రెట్లు పెద్దది. అంటే ఈ పందెంలో ప్రయోగం ముందుంది, లెక్క వెనకబడింది. ఇంకా నిశితమైన లెక్క వస్తే తప్ప చివరి అంకెలు ఏం చెబుతున్నాయో తెలియదు.

ఇదే చోట 2022లో మరో పద్ధతి చూపించారు. నియాన్-20, నియాన్-22 అయానులను రెంటినీ ఒకే బోనులో వేసి, ఒకే కక్ష్యలో ఎదురెదురుగా తిప్పారు. క్షేత్రంలో వచ్చే ఒడుదుడుకులు ఇద్దరికీ సమానంగా తగులుతాయి కాబట్టి తేడాలో అవి మిగలవు. ఈ విధంగా రెండింటి జి-గుణకాల మధ్య తేడాని లక్ష కోట్లలో దాదాపు అర భాగం దాకా కొలిచారు. రెండు న్యూట్రాన్లు ఎక్కువైతే ఎలక్ట్రాను అయస్కాంతత్వంలో వచ్చే మార్పు అది. ఎలక్ట్రానుకీ న్యూట్రానుకీ మధ్య మనకి తెలియని శక్తి ఏదైనా ఉంటే అది ఇంతకంటే ఎక్కువ ఉండదు అని ఒక గీత గీయటానికి ఇది పనికి వచ్చింది.

ఈ అంకెలతో మనకేం పని?

ఇంత నిశితమైన కొలత వల్ల ఏం ఒరిగింది, కొత్తది ఏదీ కనపడలేదు కదా అనేవారుంటారు. దానికి జవాబు హైదరాబాదులోనే ఉంది. అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు చూసుకుంటూ పంజగుట్ట వైపు నడిచే వేలమంది విద్యార్థులలో, పక్కనే నిజామియా వేధశాల ఉండేదని ఎందరికి తెలుసు? నవాబు జఫర్‌జంగ్ 1901లో నెలకొల్పిన ఆ వేధశాల, ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకి వచ్చింది. ఇప్పుడు ఆ ఆవరణలో ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉంది.

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్నంతా ఫోటో తీసి, నక్షత్రాల స్థానాలను కొలవాలని నిర్ణయించి, ఒక్కొక్క వేధశాలకీ ఒక్కొక్క పట్టీని పంచారు. అందులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదుకి వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా మనవారే తీసుకున్నారు. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ గార్ల ఆధ్వర్యంలో గాజు పలకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఒక్కొక్క నక్షత్రాన్నీ గళ్లతో పోల్చి కొలిచి, పట్టికల్లో రాశారు. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిష కోణానికి సమానం. ఇలా ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు కొలిచారు. ఆ రోజుల్లో అందులో కూడా ‘కొత్తది’ ఏమీ లేదు.

కానీ 2000లో వెలువడిన ‘టైకో-2’ అనే నక్షత్ర పట్టిక తయారుచేసినప్పుడు, ఉపగ్రహం చూసిన స్థానాలను ఈ పాత పలకల స్థానాలతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాల స్వగమనాలను లెక్క కట్టారు. పంజగుట్టలో కూర్చుని కొలిచిన చివరి అంకెకి డెబ్బై, ఎనభై ఏళ్ల తర్వాత పని పడింది. బ్రైట్ సూత్రం ఇంత నిశితమైన పరీక్ష కోసం 72 ఏళ్లు ఎదురుచూసింది. తగరం అయాను చివరి అంకెలు కూడా తమకి తగిన లెక్క కోసం ఎదురుచూసేవే.

అయితే ఆ కొలత నిజాయితీగా చేసినదై ఉండాలి. పుస్తకంలో ఉన్న విలువ ముందు చూసుకుని, దానికి సరిపోయేటట్టు రీడింగులు సర్దే అలవాటు మన ప్రయోగశాలల్లో ఉన్నదే. మార్కులకి అది పనికి రావచ్చు. కానీ జవాబు ముందే రాసిపెట్టుకున్న కొలత సిద్ధాంతంతో ‘కాదు’ అనలేదు. కాదు అనలేని కొలత ‘అవును’ అన్నా దానికి విలువ లేదు. 1947లో అందరూ 2 కోసం సర్దుకుని ఉంటే 0.0023 ఎక్కడ దొరికేది?

కాబట్టి ఈసారి రెజొనెన్స్ ప్రయోగంలో 1.93 వస్తే దాన్ని చెరిపెయ్యకండి. అలాగే రాసి, అమ్మీటరు దోషం ఎంత, వ్యాసార్ధం కొలతలో దోషం ఎంత, ఆ రెండూ కలిసి జి-గుణకాన్ని ఎంత కదిలించగలవో పక్కన లెక్క కట్టండి. 1.93 పక్కన ‘దోషం 0.08’ అని నిజంగా రాయగలిగితే, ఆ విలువ 2.0036తో ఏకీభవించినట్టే. హైడల్‌బెర్గ్‌లో తగరం అయాను దగ్గర కూర్చున్నవారు చేసింది కూడా ఇదే పని. వారికి అంకెలు ఎక్కువ, మనకి తక్కువ.